తొక్క ఉచితమే, ఖర్చంతా అందులోని నీళ్లకే

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం దగ్గర నలుగురు మిత్రులు కలిసి, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు పారేసే తొక్క, టెంక, మిల్లుల దగ్గర వేరుశనగ పొట్టు, గానుగల దగ్గర చెరకు పిప్పి, తూర్పు మండలాల వరిగడ్డి అన్నీ సేకరించి జీవ ఉత్పత్తుల పరిశ్రమ పెట్టాలనుకుంటున్నారు. పెక్టిన్, మట్టిలో కరిగిపోయే సంచులు, బయోగ్యాస్, బ్రికెట్లు (పొట్టును గట్టిగా నొక్కి చేసే ఇంధన దిమ్మెలు) అనే నాలుగింటిలో దేనితో మొదలుపెట్టాలని అడిగారు. చేతిలో 40 లక్షలు ఉన్నాయి, బ్యాంకు ఇంకో 60 లక్షలు ఇస్తానంటోంది.

నేను ఇరవై రెండేళ్లు గుజ్జు ఫ్యాక్టరీల్లో బాయిలర్ విభాగం చూశాను. తర్వాత పుత్తూరు వైపు సొంతంగా బ్రికెట్ల యూనిట్ పెట్టి, ఒకసారి మునిగి, మళ్లీ తేలాను. అందుకని మీరు అడిగిన వరుసలో కాకుండా నాకు తెలిసిన వరుసలో చెబుతాను. ఏ వస్తువు తయారు చేయాలన్నది మీరు నిర్ణయించేది కాదు. మీ ముడిసరుకులో ఉన్న నీరు నిర్ణయిస్తుంది.

మామిడి తొక్కనే తీసుకుందాం, మన జిల్లాలో అందరి కన్నూ దానిమీదే. ఫ్యాక్టరీ నుంచి బయటకొచ్చే తోతాపురి తొక్కలో నూటికి 80 వంతుల దాకా నీరే. ఒక టన్ను తొక్కను 10 శాతం తేమకు ఎండబెడితే మీ చేతికి వచ్చేది దాదాపు 220 కిలోలు. మిగిలిన 780 కిలోల నీటిని ఎవరో ఒకరు ఆవిరి చేయాలి. ఎండకు వదిలేద్దామంటే జూన్, జూలై నెలల్లో మన దగ్గర మబ్బులు, మధ్యమధ్య వాన. డ్రైయర్ పెడితే, మామూలు డ్రైయర్ సామర్థ్యం ప్రకారం ఆ నీటిని తీయడానికి తొమ్మిది లక్షల కిలోకేలరీల వేడి కావాలి. వేరుశనగ పొట్టు కిలోకు సుమారు 4,000 కిలోకేలరీలు ఇస్తుంది. అంటే టన్ను తొక్కకు 225 కిలోల పొట్టు కాల్చాలి. కిలో ఎండు తొక్క కోసం కిలో పొట్టు బుగ్గి చేశామన్నమాట. ఈ లెక్క ఏ ప్రాజెక్టు రిపోర్టులోనూ నాకు కనబడలేదు. ముడిసరుకు ధర సున్నా అని మొదటి పేజీలోనే రాసి, అక్కడి నుంచి లాభాలు పేర్చుకుంటూ పోతారు.

ఇంకో సంగతి. తొక్క రేపటిదాకా ఆగదు. 2011 జూలైలో ఒక మిత్రుడి కోసం రెండు ట్రాక్టర్ల తొక్క తెప్పించి, సిమెంటు కళ్లం మీద పోయించాను. కూలీలు మర్నాడు వస్తారు కదా అనుకున్నాను. తెల్లారేసరికి కుప్ప అడుగు నుంచి గోధుమరంగు రసం కారి, కళ్లం దాటి, పక్కనున్న కాలువలోకి దిగింది. కుప్పలో చేయి పెడితే వేడిగా తగిలింది. కల్లు వాసన. ఈగలు ఎంతగా ముసిరాయంటే పసుపురంగు తొక్క నల్లగా కనిపించింది. పదింటికల్లా ఊరి పెద్దలు వచ్చి నిలబడ్డారు. వాళ్లతో వాదించే ముఖం నాకు లేదు. ఆ రెండు ట్రాక్టర్లూ గుంత తవ్వి పూడ్పించడానికి అయిన ఖర్చు, తెప్పించడానికి అయినదానికి రెట్టింపు.

ఇప్పుడు పెక్టిన్ విషయం. జామ్, జెల్లీ గట్టిపడటానికి, మందుల తయారీకి వాడే పదార్థం ఇది. ప్రపంచంలో ఎక్కువగా నిమ్మజాతి పండ్ల తొక్క నుంచి, యాపిల్ పిప్పి నుంచి తీస్తారు. ఎండు మామిడి తొక్కలోనూ నూటికి 10 నుంచి 20 వంతులు ఉంటుంది, నాణ్యతా బాగుంటుంది. అంతవరకూ నిజమే. కానీ తీసే పద్ధతి చూడండి. తొక్కను ఆమ్లం కలిపిన వేడినీళ్లలో 80, 90 డిగ్రీల దగ్గర ఉడికించాలి, వడకట్టాలి, ఆ ద్రవాన్ని చిక్కబరచాలి, తర్వాత ఆల్కహాల్ పోస్తే పెక్టిన్ విరిగిన పాలలా పైకి తేలుతుంది. దాన్ని పిండి, ఆరబెట్టి, పొడి చేయాలి. టన్ను పచ్చి తొక్కకు దక్కేది 20 నుంచి 40 కిలోలు. వాడిన ఆల్కహాల్‌లో దాదాపు అంతా బట్టీ పెట్టి వెనక్కి రాబట్టుకోలేకపోతే నష్టమే. పైగా ఆల్కహాల్ నిల్వకు ఎక్సైజు లైసెన్సు, ఆమ్లపు నీటి శుద్ధికి విడిగా ప్లాంటు, ప్రతి బ్యాచ్‌లోనూ ఒకే గట్టిదనం ఉందని చూపించే ప్రయోగశాల కావాలి. కోటి రూపాయలతో అయ్యే పని కాదు. ఏడాదిలో అరవై, డెబ్బై రోజులే ముడిసరుకు దొరికేచోట అసలు కాదు. పెక్టిన్ వద్దనడం లేదు, అది మీకు మూడో మెట్టో నాలుగో మెట్టో కావాలంటున్నాను. అప్పటివరకు ఎండు తొక్కను మరొకరికి అమ్మే స్థితికి చేరినా చాలు. దానికైనా తొక్కను అదే రోజు వేడినీళ్లలో ముంచి తీసి, పెక్టిన్‌ను తినేసే ఎంజైములను చంపి, కడిగి ఎండబెట్టాలి.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. తొక్కను స్క్రూ ప్రెస్సులో పిండి నీరు తీసేస్తే వేడి ఖర్చు సగం తగ్గుతుంది కదా అంటారు. మామిడి తొక్క జిగురు, ఊరికే పిండితే నీరు వదలదు. కొంచెం సున్నం కలిపితే వదులుతుంది. కమలా తొక్కను పశువుల దాణాగా మార్చే ఫ్యాక్టరీల్లో ఎన్నో ఏళ్లుగా చేసేది అదే. అయితే సున్నం తగిలిన పెక్టిన్ ఇక పెక్టిన్‌గా పనికిరాదు. కాబట్టి దాణానా, పెక్టినా అన్నది మొదటి రోజు ఫ్యాక్టరీ గేటు దగ్గరే తేల్చుకోవాలి. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాళ్లను చూశాను.

నన్నడిగితే పచ్చి తొక్కను ఎండబెట్టనే కూడదు. మన జిల్లాకు పాడి ఉంది. ప్రతి పల్లెలో పాల కేంద్రం, ప్రతి ఇంట్లో ఒకటో రెండో జెర్సీ ఆవులు. వేసవి చివరికి మేత కోసం ఎక్కడెక్కడికో తిరుగుతారు. తొక్కను పాతర వేయండి. టన్ను తొక్కకు 200 కిలోల ఎండు వరిగడ్డి ముక్కలు కలిపితే తేమ 68 శాతం దగ్గరికి దిగుతుంది, పాతరకు అది సరైన పాకం. పొరలు పొరలుగా వేసి, ట్రాక్టరుతో తొక్కించి గాలి లేకుండా చేసి, పాలిథీన్ కప్పి, మట్టి మూటలు పెట్టి ఆరు వారాలు వదిలేస్తే పుల్లటి వాసన వేసే మంచి మేత తయారవుతుంది. పశువులకు మొదట కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. గడ్డి ముక్కలు పలచగా పడితే అడుగున రసం నిలిచి కుళ్లిపోతుంది, ఎక్కువ పడితే బూజు పడుతుంది. తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం మన పక్కనే ఉంది. మొదటి పాతర తెరిచే ముందు నమూనా తీసుకెళ్లి అక్కడి పశు పోషణ విభాగంలో మాట్లాడండి. పాలు పోసే రైతు, మీరు చెప్పినదానికన్నా వాళ్లిచ్చిన కాగితాన్ని నమ్ముతాడు.

పాతర మేతను జీవ ఉత్పత్తి అంటే బ్యాంకు మేనేజరు నవ్వవచ్చు. నవ్వనివ్వండి. పెట్టుబడి ఒక గడ్డి కత్తిరించే యంత్రం, ఒక పాత ట్రాక్టరు, సిమెంటు గోడల గుంతలు. ఈ జాబితాలో మొదటి ఏడాదే డబ్బు తిరిగొచ్చే సరుకు ఇదొక్కటే.

బయోగ్యాస్ గురించి కొంచెమే చెబుతాను. ఘనపు మీటరు గ్యాసుకు 25 కిలోల పచ్చి పేడ కావాలి, ఆ గ్యాసు 430 గ్రాముల వంటగ్యాసుకు సమానం. తొక్క కిలోకు పేడకన్నా ఎక్కువ గ్యాసు ఇస్తుంది, కానీ పులుపు. ఒక్కసారిగా పోస్తే గుంత పుల్లబడి గ్యాసు ఆగిపోతుంది. గ్యాస్ గుంత పాడి ఆవు లాంటిది. రెండు నెలలు కడుపు పగిలేలా పెట్టి పది నెలలు పస్తు ఉంచుతామంటే పాలివ్వదు. ఏడాది పొడుగునా పేడ ఇచ్చే పెద్ద డైరీ పక్కన ఉంటేనే మామిడి కాలంలో తొక్కను దానికి కొసరుగా కలపండి. వాహనాలకు పోసే సంపీడిత గ్యాస్ కోసం కేంద్రం 2018 అక్టోబరులో సతత్ పథకం తెచ్చింది, మన రాష్ట్రంలో నేపియర్ గడ్డితో పెద్ద ప్లాంట్లు వస్తున్నాయి. అవి వందల ఎకరాల గడ్డి, పదుల కోట్ల పెట్టుబడి ఉన్నవాళ్ల ఆట.

టెంక దగ్గరికి వద్దాం. నాకు అన్నిటికన్నా ఇష్టమైన సరుకు ఇదే, మన జిల్లాలో అందరూ పట్టించుకోనిదీ ఇదే. గట్టి పెంకు లోపల జీడి ఉంటుంది కదా, ఎండిన జీడిలో 8 నుంచి 12 శాతం కొవ్వు. ఆ కొవ్వు గది వేడిలో గడ్డకట్టి ఉంటుంది, నోట్లో పెట్టుకుంటే కరుగుతుంది, కోకో వెన్నకు దగ్గరి చుట్టం. యూరప్‌లో 2000 సంవత్సరంలో వచ్చిన చాక్లెట్ నిబంధనల్లో, కోకో వెన్నతోపాటు 5 శాతం వరకు కలపడానికి ఆరు మొక్కల కొవ్వులను మాత్రమే అనుమతించారు. వాటిలో మామిడి జీడి ఒకటి. సౌందర్య సాధనాల వాళ్లూ కొంటారు. కొవ్వు తీయడం మీ పని కాదు. హెక్సేన్ ద్రావణితో నడిచే పెద్ద ప్లాంట్లు తీస్తాయి, ఆ ద్రావణి తేలికగా అంటుకునేది, దాని అనుమతులే ఒక పురాణం. మీ పని టెంక పగలగొట్టి, జీడిని వేరుచేసి, బూజు పట్టకముందే ఎండబెట్టి, గోనెల్లో పోసి వాళ్లకు అమ్మడం.

టెంకలోనూ నీరుంది కానీ తొక్కంత లేదు, పైగా పెంకు కాపాడుతుంది కాబట్టి రెండు మూడు రోజులు ఓర్చుకుంటుంది. పీచుకు అంటిన గుజ్జును కడిగేయాలి. కడగకపోతే పెంకు మీద మొదలైన బూజు లోపలికి దిగి కొవ్వులో ఆమ్లాలు పెరుగుతాయి, కొనేవాడు ధర సగానికి కోస్తాడు. పగలగొట్టాక మిగిలిన పెంకు ఉంది చూశారూ, ఎండు కట్టె లాంటిది. మీ డ్రైయర్‌కు అదే ఇంధనం. బయటి పొట్టు కొనకుండా తన వేడి తనే తెచ్చుకునే సరుకు మన జిల్లాలో ఇదొక్కటే.

ఇక ఎండు సరుకులు. వేరుశనగ పొట్టుకు మన దగ్గర ఇప్పటికే గిరాకీ ఉంది. మిల్లువాడు దాన్ని వ్యర్థం అనుకోవడం లేదు, ఇటుక బట్టీలకూ బాయిలర్లకూ అమ్ముకుంటున్నాడు. మీరు బ్రికెట్ల కోసం అడగడం మొదలుపెట్టిన రోజు ధర పెరుగుతుంది. వరిగడ్డికి యజమాని పశువు. నాయుడుపేట, గూడూరు వైపు నుంచి మీ ఊరికి వదులు గడ్డి తెస్తే వంద కిలోమీటర్లకు పైగా గాలిని మోయించినట్టే. పది టన్నులు మోసే లారీలో వదులు పొట్టు నాలుగు టన్నులకు మించి పట్టదు, గడ్డి అంతకూ పట్టదు. వరి ఊక ఏడాదంతా దొరుకుతుంది, కానీ కాలిస్తే నూటికి 15 నుంచి 20 వంతుల బూడిద, అందులో అధికభాగం సిలికా. బాయిలర్ గొట్టాలను అరగదీస్తుంది. పొట్టులో బూడిద 5 శాతం లోపే, అందుకే దానికి ఆ ధర. చెరకు పిప్పి అసలు మిగలదు. చిత్తూరు, గాజులమండ్యం సహకార చక్కెర మిల్లులు మూతపడ్డాక మన చెరకు ఎక్కువగా బెల్లానికే పోతోంది, గానుగవాడు తన పిప్పి తన పొయ్యిలోనే కాల్చుకుంటాడు. మీకు పిప్పి కావాలంటే ముందు అతని పొయ్యి బాగుచేసి తక్కువ పిప్పితో పాకం వచ్చేలా చూడాలి. ఆ పని ఎవరైనా చేస్తే బాగుండునని చాలా ఏళ్లుగా అనుకుంటున్నాను.

బ్రికెట్లలో నేను మునిగింది కూడా నీటివల్లే. మన వేరుశనగ కోత అక్టోబరు, నవంబరు. మనకు అసలు వానలు పడేదీ అప్పుడే, ఈశాన్య రుతుపవనం. 2015 నవంబరు వానలు మీకు గుర్తుండే ఉంటాయి. దాదాపు నలభై టన్నుల పొట్టును టార్పాలిన్ కింద కుప్ప పోసి ఉన్నాను. పైనుంచి తడవలేదు. నేల నుంచి చెమ్మ పీల్చుకుంది. పది రోజులకు కుప్ప లోపల పొగలాంటి ఆవిరి. తవ్వితే మధ్యలో బూడిదరంగు గడ్డలు కట్టిన బూజు. ప్రెస్సులో వేస్తే బ్రికెట్ అచ్చు నుంచి బయటికి రాగానే లోపలి ఆవిరి తన్ని టపటపా పగిలిపోయింది. ఆ ప్రెస్సుకు తేమ 8 నుంచి 12 శాతం మధ్య ఉండాలి, అంతకు మించితే అది చేసేది బ్రికెట్ కాదు, చప్పుడు. టన్నుకు 50 నుంచి 70 యూనిట్ల కరెంటు మాత్రం మామూలుగానే తిరిగింది. ఆ తర్వాత ఎత్తయిన అరుగు, రేకుల షెడ్డు లేకుండా ఒక్క గోనె పొట్టు కూడా దించలేదు.

తేమ కొలవడానికి ఖరీదైన మీటరు అక్కర్లేదు. వంట గదిలో త్రాసు మీద 100 గ్రాములు తూచి, మందపాటి పెనం మీద సన్నటి సెగన మాడకుండా కలుపుతూ వేడి చేయండి. పది నిమిషాలకోసారి తూచండి. రెండుసార్లు ఒకే తూకం వచ్చినప్పుడు ఆపండి. 87 గ్రాములు మిగిలితే తేమ 13. లారీ పైపైన కాకుండా మోచేతి లోతు దాకా చేయి దూర్చి తీసిన నమూనాకే ఇది చేయాలి, సరుకు తెచ్చినవాడి ముందే చేయాలి. నాతో నాలుగేళ్లు వ్యాపారం చేసిన ఒక మిల్లు యజమాని మొదటిసారి అలిగాడు. రెండోసారి నుంచి ఎండిన పొట్టే పంపాడు.

సంచుల సంగతి. తిరుమలలో లడ్డూల కోసం రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో రూపొందించిన మొక్కజొన్న పిండి సంచులు 2021 ఆగస్టులో వచ్చాయి. అదే ఏడాది సెప్టెంబరులో ఆలయాల్లో వాడిన పూలతో అగరుబత్తీలు మొదలయ్యాయి. ఇవి చూసి మన జిల్లాలో రాసే ప్రతి ప్రాజెక్టు రిపోర్టులోనూ "రోజూ కొండకు వచ్చే వేలాది భక్తులు" అని ఒక పేరా చేరింది. భక్తులు మీ కొనుగోలుదారులు కారు. టెండరు వేసి, ఏడాదంతా ఒకే నాణ్యతతో సరఫరా చేయగలిగినవాడే అక్కడ నిలుస్తాడు. కరిగే సంచి అని అమ్మాలంటే ఐఎస్ 17088 ప్రమాణం ప్రకారం పరీక్షలు, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రం ఉండాలి. పైగా ఆ పిండి మన తొక్కలోంచి రాదు. జీడిలో పిండి పదార్థం ఉంది నిజమే, కానీ జీడి నుంచి సంచి దాకా ఉన్న దారిని ఏర్పేడు దగ్గరున్న ఐఐటీ, ఐసర్ లాంటి పరిశోధన సంస్థల్లో ముందు ఎవరైనా నడిచి చూడాలి.

మీ ముడిసరుకుల జాబితాలో లేని సరుకు ఒకటి చెబుతాను. చింతగింజ. పలమనేరు, కుప్పం, పుంగనూరు వైపు ఫిబ్రవరి నుంచి చింతపండు కొట్టే ఇళ్లలో గింజ గుట్టలుగా మిగులుతుంది. వేయించి పైపొట్టు తీసి విసిరిన పొడి నూలుకు గంజి పట్టించడానికి వాడతారు. నగరి, పుత్తూరు, నారాయణవనం మరమగ్గాలు మన కళ్లముందే ఉన్నాయి. గింజ ఎండుసరుకు, ఏడాది నిల్వ ఉంటుంది, లారీలో బరువు నిండుతుంది. అడవి మామిడికన్నా చేతిలోని చింతగింజ నయం.

మీ నలుగురికీ నేను వేసే క్యాలెండరు ఇది. జూన్, జూలైలో తొక్క పాతర, టెంక కడగడం. ఆగస్టు, సెప్టెంబరులో టెంక పగలగొట్టి జీడి ఎండబెట్టడం. అక్టోబరు, నవంబరులో ఏమీ కొనకండి, యంత్రాలు విప్పి శుభ్రం చేయండి, పాతర మేత అమ్మండి. డిసెంబరు నుంచి పొట్టు, ఫిబ్రవరి నుంచి చింతగింజ. అన్నిటికీ ఒకే అరుగు, ఒకే షెడ్డు, ఒకే వేబ్రిడ్జి. ఇలాంటి సదుపాయాలకే కేంద్రం 2020లో వ్యవసాయ మౌలిక సదుపాయాల నిధి పెట్టింది. రెండు కోట్ల వరకు అప్పు మీద ఏడేళ్లపాటు 3 శాతం వడ్డీ రాయితీ వస్తుంది. బ్యాంకు 60 లక్షలను మామూలు అప్పుగా తీసుకునే ముందు దీని కింద కుదురుతుందేమో రాతపూర్వకంగా అడగండి.

ఫ్యాక్టరీతో ఒప్పందం నోటిమాటగా చేసుకోవద్దు. ఇవాళ వాళ్లే ట్రాక్టరుకు డబ్బిచ్చి తొక్క పారబోయిస్తున్నారు. మీకు లాభం వస్తోందని తెలిసిన సీజనులో దానికి ధర కడతారు. మూడు సీజన్లకు కాగితం రాసుకోండి. అదే రోజు ఎత్తుకెళ్లే బాధ్యత మీది, టెంకనూ తొక్కనూ కలపకుండా వేరుగా ఇచ్చే బాధ్యత వాళ్లది. కలిపి ఇస్తే మీ కూలి అంతా ఏరడానికే సరిపోతుంది. 2025లో తోతాపురి ధర పడిపోయి, ఫ్యాక్టరీలు ఇవ్వాలని చెప్పిన ఎనిమిది రూపాయలకు ప్రభుత్వం కిలోకు నాలుగు కలపాల్సి వచ్చిన సంగతి తెలిసిందే. అలాంటి ఏడాది ఫ్యాక్టరీ ఆలస్యంగా తెరిస్తే మీకు తొక్కా ఉండదు, కాబట్టి ఒకే ఫ్యాక్టరీని నమ్ముకోకండి.

వచ్చే సీజనులోపు యంత్రాల వాళ్లతో మాట్లాడకండి, వాళ్ల వీడియోలు చూడకండి. మీ ఊరికి పాతిక కిలోమీటర్లలో ఉన్న గుజ్జు ఫ్యాక్టరీల గేట్ల దగ్గర ఒక వారం కూర్చోండి. రోజుకు ఎన్ని ట్రాక్టర్లు తొక్కతో వెళ్తున్నాయో, ఎన్ని టెంకతో వెళ్తున్నాయో, ఎక్కడ పారబోస్తున్నారో, ట్రాక్టరుకు ఎంత ఇస్తున్నారో నోటుబుక్కులో రాయండి. ఒక ట్రాక్టరు టెంకను అడిగి తెచ్చుకుని, ఇంటి వెనక కడిగి, సుత్తితో పగలగొట్టి, జీడి ఎండబెట్టి తూచండి. నలుగురు మనుషులకు ఎన్ని రోజులు పట్టిందో, ఎన్ని కిలోలు వచ్చిందో, అందులో ఎంత బూజు పట్టిందో ఆ అంకెలు ఇక్కడే రాయండి. వాటిని చూసి డ్రైయర్ ఎంత పెద్దది కావాలో నేను లెక్క వేసిస్తాను.